సంతకాల తర్వాత వార్త ఎవరు రాస్తారు?

అధ్యక్షుల వారికి,
సి.రాఘవాచారి ఆంధ్రప్రదేశ్ మీడియా అకాడమీ



విశాఖపట్నంలో ఉక్కు గురించి రాయడం రాని విలేకరి ఉండడు. కూర్మన్నపాలెంలో నిలబడి ఏ పాత్రికేయుణ్ని అడిగినా బ్లాస్ట్ ఫర్నేస్‌ల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చెబుతాడు. ఏది నడుస్తోందో, ఏది ఆగిందో, ఎందుకు ఆగిందో కూడా చెబుతాడు. పోర్టు బీటు చూసేవాళ్లకు ఏ బెర్తులో బొగ్గు దిగుతోందో, గాలి ఎటు తిరిగితే ఆ దుమ్ము పాతనగరంలో ఏ వీధి మీద పడుతుందో తెలుసు. ఇదంతా వాళ్లు ఏ తరగతి గదిలోనూ నేర్చుకోలేదు. గేట్ల దగ్గర నిలబడి, యూనియన్ ఆఫీసుల్లో కూర్చుని, కార్మికుల ఇళ్లకు తిరిగి నేర్చుకున్నారు. అదే విలేకరిని ఇంకో ప్రశ్న అడగండి. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌కు ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) ఇచ్చిన అప్పు షరతులేమిటి? అందులో ఎంత ఖర్చయింది? ఆ పనుల్లో ఇల్లు పోయిన మనిషికి ఆ ఒప్పందం ప్రకారం ఏం రావాలి? జవాబు రాదు. ఆ చదువు అతనికి ఎవరూ చెప్పలేదు.

మీ అకాడమీకి పేరుగా నిలిచిన చక్రవర్తుల రాఘవాచారి గారు మూడు దశాబ్దాలకు పైగా ‘విశాలాంధ్ర’ దినపత్రిక సంపాదకులుగా పనిచేశారు. ఆయన పేరు మీద నడిచే సంస్థను ఒకటి కోరుతున్నాను. అంతర్జాతీయ అభివృద్ధి బ్యాంకుల అప్పుల మీద ఎలా వార్తలు రాయాలో తెలుగులో, విశాఖపట్నంలో, మండల విలేకరులను కూర్చోబెట్టి నేర్పండి. ఎందుకు అడుగుతున్నానో వివరంగా చెబుతాను.

1966లో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని ఈ ఊరు రోడ్డెక్కినప్పుడు అడగాల్సిన చోటు ఒక్కటే ఉండేది, ఢిల్లీ. నవంబరు 1న ఇక్కడ తుపాకులు పేలినప్పుడు కూడా అందరి చూపూ ఢిల్లీ వైపే. అదే ఏడాది డిసెంబరులో మనీలాలో ఆసియా అభివృద్ధి బ్యాంకు తలుపులు తెరిచింది. ఆ సంగతి ఈ ఊళ్లో పట్టించుకున్నవాళ్లు ఉండకపోవచ్చు, పట్టించుకోవాల్సిన పనీ అప్పుడు లేదు. ఇప్పుడు ఉంది. ఈ రాష్ట్రంలో రోడ్డు పడాలన్నా, కాలవ తవ్వాలన్నా, బడి బాగుపడాలన్నా సగం నిర్ణయాలు మనీలాలో, వాషింగ్టన్‌లో, బీజింగ్‌లో, షాంఘైలో అభివృద్ధి బ్యాంకుల బోర్డుల ముందుకు వెళ్లి వస్తున్నాయి. మన బీట్ల జాబితాలో మాత్రం ఆ ఊళ్లు ఇంకా చేరలేదు.

కళ్లెదుట ఉన్న అప్పునే తీసుకుందాం. 2016 సెప్టెంబరులో ఏడీబీ ఈ కారిడార్‌కు 63.1 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. అందులో 50 కోట్లు విడతలవారీగా రోడ్లకు, నీటికి, కరెంటుకు. 12.5 కోట్లు ప్రభుత్వ విధానాల్లో మార్పులకు ముడిపెట్టిన అప్పు. మిగిలింది గ్రాంటు, సాంకేతిక సాయం. 2017 ఫిబ్రవరిలో 37.5 కోట్ల డాలర్లకు ఢిల్లీలో సంతకాలయ్యాయి. తర్వాత రెండో విడతగా మరో 14.11 కోట్ల డాలర్లు వచ్చాయి. సంతకాలైన ప్రతిసారీ మన పేపర్లలో వార్త ఒకే అచ్చులో వచ్చింది. కాగితాలు మార్చుకుంటున్న ఇద్దరు అధికారుల ఫొటో, ఎన్ని కోట్లో చెప్పే శీర్షిక, ఎన్ని ఉద్యోగాలో చెప్పే ఉపశీర్షిక. ఆ మర్నాటి నుంచి అప్పు మాట వినపడదు. మళ్లీ వినపడేది ఎక్కడో ఒక ఊళ్లో ట్రాక్టరుకు అడ్డంగా జనం కూర్చున్న రోజున. ఆ రోజు కూడా రాసేది గొడవ గురించే, అప్పు గురించి కాదు. సంతకానికీ గొడవకూ మధ్య గడిచిన ఏళ్ల వార్త రాసేవాడు లేక పోయింది.

మన ప్రభుత్వ శాఖల్లో ఒక ఫైలు సంపాదించాలంటే ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి, మొదటి అప్పీలుకు వెళ్లాలి, కమిషన్ గడప తొక్కాలి, నెలల తరబడి ఆగాలి. ఈ బ్యాంకుల కాగితాల్లో చాలా భాగం అడగకుండానే బయట ఉంటుంది. అప్పు ఒప్పందం, బోర్డుకు అధ్యక్షుడు పంపిన సిఫార్సు నివేదిక, పర్యావరణ పరిశీలన, పునరావాస ప్రణాళిక, ఆరు నెలలకో పర్యవేక్షణ నివేదిక, అన్నీ. ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలు నష్టపోతాయో, ఎన్ని ఇళ్లు, దుకాణాలు, చెట్లు, బావులు పోతాయో, ఒక్కో రకం నష్టానికి ఏం ఇవ్వాలో పట్టిక కట్టి ఉంటుంది. పర్యావరణానికి పెద్ద ముప్పున్న ‘ఎ’ తరగతి పనయితే, బోర్డు ముందుకు వెళ్లడానికి కనీసం 120 రోజుల ముందే ప్రభావ నివేదిక ముసాయిదా బయటపెట్టాలని ఏడీబీ 2009 రక్షణ విధానం చెబుతుంది. దాని స్థానంలో 2024లో కొత్త విధానాన్ని ఆమోదించారు, 2026 నుంచి కొత్త ప్రాజెక్టులకు అది వర్తిస్తుంది. పాత అప్పులు పాత నియమాల కిందే నడుస్తాయి. 120 రోజులంటే నాలుగు నెలలు. విలేకరికి అంత ముందుగా సమాచారం ఇచ్చే ప్రభుత్వ శాఖ మన దగ్గర ఏదుంది? ఇంత తెరిచిపెట్టినా మనకు అందకపోవడానికి కారణం ఆ కాగితాలు వందల పేజీల ఇంగ్లీషులో, ఆ బ్యాంకుల సొంత పరిభాషలో ఉండటం. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసే మనిషి కూడా ముందు పక్కవాడిచేత చదివించుకుంటాడు. రాష్ట్రం మొత్తం తరఫున రాసిన నోటును జనానికి చదివి వినిపించే పక్కవాడు పత్రిక కావాలి.

ఆ కాగితాల్లో ఒక్క సంగతి చెబుతాను. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి ప్రతి మండల విలేకరికీ తెలియాలని నా పట్టుదల. జిరాయితీ, డి-పట్టా, బంజరు, పోరంబోకు తేడాలు మన మండల విలేకరికి తహశీల్దారు ఆఫీసు గుమాస్తా కంటే బాగా తెలుసు. పట్టా లేని మనిషికి ఏమీ రాదని కూడా అతను అలవాటుగా నమ్ముతాడు, ఎందుకంటే ఆఫీసులో అదే చెబుతారు. ఏడీబీ నియమం అలా లేదు. భూమి మీద చట్టబద్ధమైన హక్కు లేకపోయినా, అర్హులను లెక్కించడానికి ప్రకటించిన కటాఫ్ తేదీ నాటికి అక్కడ ఉంటున్న, సాగు చేసుకుంటున్న, కొట్టు పెట్టుకున్న కుటుంబానికి భూమి ధర రాకపోవచ్చు గానీ, ఇంటికి, చెట్టుకు, బావికి, పోయిన జీవనోపాధికి పరిహారం ఇవ్వాలి, పునరావాస సాయం చేయాలి. ప్రపంచ బ్యాంకు విధానం కూడా ఈ విషయంలో ఇదే దారిలో ఉంది. ఇది తెలిసిన విలేకరి జాయింట్ కలెక్టర్‌ను అడిగే ప్రశ్నలే మారిపోతాయి. కటాఫ్ తేదీ ఎప్పుడు ప్రకటించారు? నోటీసు తెలుగులో ఏ గోడకు అంటించారు? సర్వే జాబితాలో ఎన్ని ఇళ్లున్నాయి, పరిహారం అందుకున్నవి ఎన్ని, తేడా ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబు ఇవ్వాల్సిన బాధ్యతను ప్రభుత్వం సంతకం పెట్టి ఒప్పుకుంది. అడిగేవాడు లేక అది కాగితం మీదే ఉండిపోతోంది.

దీని విలువ విశాఖకు తెలిసినంతగా ఇంకో ఊరికి తెలియదు. ఉక్కు కర్మాగారం కోసం అరవైకి పైగా గ్రామాలు కదిలాయి. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు చేతబట్టుకుని ఉద్యోగం కోసం తిరుగుతూనే ముసలివాళ్లయిపోయినవాళ్లు గాజువాక, అగనంపూడి వైపు నిర్వాసిత కాలనీల్లో నేటికీ ఉన్నారు. వాళ్ల కార్డులు ఇప్పుడు మనవల చేతుల్లోకి వచ్చాయి. ఆ కర్మాగారం సోవియట్ సహకారంతో వచ్చింది. చూపించి నిలదీయడానికి అప్పిచ్చినవాడి పునరావాస నియమావళి అంటూ ఒకటి ఆనాటి విలేకరి చేతిలో లేదు. ఈనాటి విలేకరి చేతిలో ఉంది, చదవడం రావడమే తరువాయి.

నక్కపల్లి వైపు చూడండి. రాజయ్యపేట మత్స్యకారులు బల్క్ డ్రగ్ పార్కు వద్దంటూ 2025లో జాతీయ రహదారి మీదికి వచ్చారు. వాళ్ల భయం వేట గురించి, సముద్రం గురించి, వలలు ఆరేసుకునే ఒడ్డు గురించి. ఆ తీరంలో కేంద్ర పథకాల డబ్బు ఉంది, రాష్ట్రం డబ్బు ఉంది, ప్రైవేటు కంపెనీల పెట్టుబడి ఉంది, కారిడార్ పేరు ఉంది. ఏ పని ఎవరి డబ్బుతో జరుగుతోందో, దేనికి ఎవరి నియమాలు వర్తిస్తాయో విడదీసి చెప్పిన వార్త ఒక్కటి ముందుగా వచ్చి ఉంటే ఆ ఊరికి ఎంత బలంగా ఉండేది! ఎవరిని అడగాలో తెలియని మనిషి రోడ్డు మీద కూర్చుంటాడు. అతన్ని తప్పుపట్టే ముందు ఆ సమాచారం అతనికి అందించాల్సిన మనం ఏం చేస్తున్నామో చూసుకోవాలి.

2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో ఒక ఫార్మా కర్మాగారంలో పేలుడు జరిగి 17 మంది చనిపోయారు. నాలుగేళ్ల ముందు ఎల్జీ పాలిమర్స్‌లో విషవాయువు లీకైన రాత్రిని చూసిన విలేకరులే అక్కడికీ పరుగెత్తారు, నిద్ర మానుకుని రాశారు. ఆ కర్మాగారానికీ ఏడీబీ అప్పుకీ ముడిపెట్టడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరు. అచ్యుతాపురం, రాంబిల్లి ప్రాంతాన్ని పారిశ్రామిక సముదాయంగా పెంచుతామని అప్పు కాగితాలు రాసుకున్నప్పుడు, అక్కడికి వచ్చే రసాయనాల గురించి, వ్యర్థజలాల గురించి, అత్యవసర వైద్యం గురించి ఏం రాసుకున్నారో ప్రమాదం జరగని రోజుల్లో చూసి రాసే మనిషి ఒక్కడైనా ఈ జిల్లాలో ఉండాలా వద్దా?

ఇక డబ్బు లెక్క. 2005 నుంచి మనలాంటి రాష్ట్రాలకు విదేశీ అప్పును కేంద్రం అవే షరతులతో యథాతథంగా బదిలీ చేస్తోంది. రూపాయి పడిపోతే ఆ భారం రాష్ట్రానిదే. 2017లో కారిడార్ సంతకాలప్పుడు డాలరు సుమారు 67 రూపాయలు, ఇప్పుడు 85 దాటింది. పది కోట్ల డాలర్ల అసలు అప్పట్లో 670 కోట్ల రూపాయలు, ఇప్పుడు 850 కోట్ల పైమాట. వడ్డీ కలపని లెక్క ఇది. పైగా మంజూరై వాడకుండా పడి ఉన్న మొత్తం మీద కూడా బ్యాంకులు రుసుము వసూలు చేస్తాయి. టెండరు ఆరు నెలలు ఆగితే ఆ ఆరు నెలలకూ జనమే కడతారు. ఇందులో మన రాష్ట్రానికి ఇంకో మెలిక ఉంది. 2016 సెప్టెంబరులో ప్రత్యేక హోదా బదులు ప్రత్యేక సాయం ప్రకటించినప్పుడు, 2015–16 నుంచి 2019–20 మధ్య సంతకాలై ఖర్చయిన విదేశీ సాయం ప్రాజెక్టుల అప్పు, వడ్డీలు కట్టి, హోదా ఉంటే రాష్ట్రానికి వచ్చి ఉండే అదనపు వాటాను తీరుస్తామని కేంద్రం చెప్పింది. అంటే ఏ తేదీన సంతకం పడింది, ఏ తేదీన డబ్బు దిగింది అన్నదాన్ని బట్టి ఆ అప్పు ఎవరి నెత్తిన పడుతుందో మారిపోతుంది. హోదా మీద మనం ఏళ్ల తరబడి సంపాదకీయాలు రాశాం, చర్చలు పెట్టాం. ఈ తేదీల లెక్క వేసి పాఠకుడి ముందు పెట్టింది మాత్రం బహు తక్కువ.

తెలుగు రాజకీయంలో ‘ప్రపంచ బ్యాంకు’ ఒక తిట్టు, లేదా ఒక దీవెన. ఈ రెండింటి మధ్య వార్త నలిగిపోయింది. 1998లో రాష్ట్ర ఆర్థిక పునర్వ్యవస్థీకరణ పేరుతో 54 కోట్ల డాలర్లకు పైగా అప్పు వచ్చింది. మరుసటి ఏడాది విద్యుత్ సంస్కరణలకు మరో 21 కోట్లు. 2000 ఆగస్టు 28న కరెంటు ఛార్జీల పెంపుకు నిరసనగా వచ్చినవాళ్ల మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అనుకూల పత్రికలు అప్పును పెట్టుబడి అన్నాయి, వ్యతిరేక పత్రికలు తాకట్టు అన్నాయి. ఛార్జీల గురించి ఒప్పందంలో ఏముంది, విద్యుత్ బోర్డును విడగొట్టడానికి గడువులేమిటి అన్న వివరం సామాన్య పాఠకుడికి కాల్పుల కంటే ముందు చేరాల్సింది. 2006 మే నెలలో ఏడీబీ 39వ వార్షిక సమావేశం హైదరాబాద్‌లోనే జరిగింది. బ్యాంకు పెద్దలందరూ మన గుమ్మంలోకి వచ్చిన సందర్భం అది. వేదిక మీది ప్రసంగాలు ఒక పేజీలో, బయట నిరసనలు ఇంకో పేజీలో వచ్చాయి. బ్యాంకు మన ఇంటికి వచ్చి వెళ్లింది, మన చేతికి దాన్ని చదివే పద్ధతి మాత్రం రాలేదు.

అమరావతి విషయంలో ఇదే జబ్బు ఇంకా ముదిరింది. 2017 మేలో కొందరు రైతులు ప్రపంచ బ్యాంకు తనిఖీ మండలికి ఫిర్యాదు చేశారు. నర్మదా లోయ వాసుల పోరాటం తర్వాత, 1993లో బ్యాంకు తన మీద తానే పెట్టుకున్న ఏర్పాటు ఆ మండలి. మన దేశపు కన్నీళ్ల నుంచి పుట్టిన ఆ గుమ్మానికి మన రాష్ట్ర రైతులు వెళితే, ఆ మండలి అధికారం ఎంత, విచారణ ఎలా సాగుతుంది, ఏం తేలితే ఏమవుతుంది అని తెలుగులో ఓపికగా చెప్పినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేంతమంది. 2019 జూలైలో కేంద్రం తన అభ్యర్థనను వెనక్కి తీసుకోవడంతో 30 కోట్ల డాలర్ల ఆ అప్పు ఆగిపోయింది. ఒక వర్గానికి అది విజయం, ఇంకో వర్గానికి కుట్ర. అయిదేళ్లు తిరిగేసరికి 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు 80 కోట్ల డాలర్లు, ఏడీబీ 78.88 కోట్ల డాలర్లు అదే రాజధానికి మంజూరు చేశాయి. అప్పటి అభ్యంతరాలు ఇప్పుడు ఏమయ్యాయి, ఏవి తీరాయి, ఏవి మిగిలాయి? పార్టీ కార్యాలయం పంపే నోట్‌తో ఈ వార్త రాయలేం. రెండు అప్పుల కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చదివితేనే రాయగలం.

విశాఖ మత్స్యకారులకు దగ్గరైన కథ ఇంకొకటి ఉంది. గుజరాత్‌లో టాటా ముంద్రా విద్యుత్ కేంద్రానికి ప్రపంచ బ్యాంకు గ్రూపులోని ఐఎఫ్‌సీ 2008లో 45 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఆ విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే వేడినీటితో చేపలు పోయాయని, నీళ్లు ఉప్పబారాయని అక్కడి బెస్తలు, రైతులు ముందు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లారు. 2013లో వచ్చిన ఆ అంబుడ్స్‌మన్ తనిఖీ నివేదిక ఐఎఫ్‌సీ తన నియమాలు తానే సరిగా పాటించలేదంది. బ్యాంకు సరిదిద్దుకోలేదని వాళ్లు అమెరికా కోర్టుకెక్కారు. 2019 ఫిబ్రవరి 27న అమెరికా సుప్రీంకోర్టు 7–1 మెజారిటీతో, ఇలాంటి సంస్థలకు దావాల నుంచి సంపూర్ణ రక్షణ లేదని తీర్పు చెప్పింది. తర్వాత కింది కోర్టులు ఆ దావాను కొట్టేసిన మాట నిజమే. అయినా ఒక పల్లెకారుడి పేరు మీద అంతర్జాతీయ సంస్థలకు అమెరికా కోర్టుల్లో వర్తించే తీర్పు వచ్చింది. అదే ఐఎఫ్‌సీ ఇప్పుడు మధురవాడ మురుగునీటి పథకానికి మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ)కు అప్పు ఇస్తోంది. పథకం మంచిదే, మధురవాడకు మురుగు కాలవలు కావాలి. ఆ అప్పు ఏ ఆదాయం మీద తీరుస్తారు, నీటి పన్ను, డ్రైనేజీ ఛార్జీలు ఏమవుతాయి, శుద్ధి చేసిన నీళ్లు ఎక్కడికి పోతాయి అన్నవి నగర విలేకరి అడగాల్సిన రోజువారీ ప్రశ్నలు.

అప్పులన్నీ చెడ్డవని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ నగరాన్ని ఊడ్చేసిన తర్వాత, ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల విపత్తు పునరుద్ధరణ అప్పుతో విశాఖలో కరెంటు తీగలు భూమిలోపలికి వెళ్లాయి. గాలివాన వస్తే నగరం రోజుల తరబడి చీకట్లో మగ్గకుండా ఉండటానికి అది అవసరమైన పనే. తుఫాను షెల్టర్ల విలువ తీరంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. మంచి జరిగినచోట ఎంతలో జరిగింది, ఎంత ఆలస్యంగా జరిగింది, ఏ వార్డుకు అందింది, ఏ వార్డుకు అందలేదు అని రాయడానికీ ఇదే చదువు కావాలి. బ్యాంకు సొంత అధికారులే ప్రాజెక్టు అమలుకు మార్కులు వేస్తూ నివేదికలు రాస్తుంటారు. ‘ఒక మోస్తరు అసంతృప్తికరం’ అని వాళ్లు రాసుకున్న పని మీద మన పత్రికలో ‘శరవేగంగా పనులు’ అని రావడం కంటే సిగ్గుచేటు ఏముంది?

ఇది చేయగలిగే పనేనని చూపినవాళ్లున్నారు. 2015లో అంతర్జాతీయ పరిశోధనా పాత్రికేయుల బృందం, 21 దేశాల్లో యాభై మందికి పైగా విలేకరులతో, ప్రపంచ బ్యాంకు కాగితాలనే తవ్వి, ఒక దశాబ్దంలో ఆ బ్యాంకు ప్రాజెక్టుల వల్ల సుమారు 34 లక్షల మంది ఇల్లో, భూమో, బతుకుతెరువో పోగొట్టుకున్నారని లెక్కగట్టింది. ఆ కథనాలు అచ్చు కావడానికి కొద్ది ముందే, పునరావాసం అమలులో లోపాలున్నాయని బ్యాంకు బహిరంగంగా ఒప్పుకుంది.  బయట ఉన్న పత్రాలను ఊళ్లలోకి మోసుకెళ్లి, అక్కడి మనుషుల మాటతో పోల్చి చూశారు. ఆ రెండో సగం పని మన మండల విలేకరులకు వెన్నతో పెట్టిన విద్య. మొదటి సగమే నేర్పాలి.

శిక్షణ ఎలా ఉండాలో నాకు తోచింది చెబుతాను. మొట్టమొదటిది, బ్యాంకుల డబ్బు ముట్టుకోవద్దు. పత్రికల వాళ్లకు వర్క్‌షాపులు పెట్టడం ఆ బ్యాంకులకు తెలియని విద్య కాదు. వాటికి వెళ్లి వచ్చినవాళ్లు బ్యాంకు భాషలో బ్యాంకు విజయాలు రాయడం సహజం. ఆ అధికారులను పిలవండి, కానీ పాఠం చెప్పడానికి పిలవకండి. విలేకరుల ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పిలవండి. పరిశ్రమల శాఖ, పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీ, జీవీఎంసీ ఇంజనీర్లనూ అలాగే పిలవండి. నిర్వాసితుల సంఘాల వాళ్లనూ, మత్స్యకార సంఘాల వాళ్లనూ అదే గదిలో, అదే బల్ల దగ్గర కూర్చోబెట్టండి.

రెండోది మరీ ముఖ్యం. ఈ శిక్షణ నగరంలో బీటు చూసే స్టాఫ్ రిపోర్టర్లకే పరిమితమైతే నూటికి తొంభై పాళ్లు వృథా. రాంబిల్లిలో, నక్కపల్లిలో, పరవాడలో పునరావాస జాబితాను సరిచూడగలిగేది అక్కడి కంట్రిబ్యూటరే. అతని బతుకేమిటో మీకు తెలుసు. లైనేజీ లెక్కన నెలకు వచ్చేది పెట్రోలుకు చాలదు, పైగా యాడ్ టార్గెట్ ఉంటుంది. ఏ కాంట్రాక్టరు గురించి రాయాలో ఆ కాంట్రాక్టరు దగ్గరే పండగ ప్రకటన అడగాల్సిన స్థితిలో యాజమాన్యాలు అతన్ని నిలబెట్టాయి. అలాంటి మనిషిని సొంత ఖర్చుతో రమ్మని, రోజు పోగొట్టుకుని కూర్చోమని అనడం న్యాయం కాదు. దారి ఖర్చు, భత్యం అకాడమీ ఇవ్వాలి. శిక్షణ తర్వాత అతను రాసిన వార్త డెస్క్‌లో ఆగిపోకుండా జిల్లా ఎడిషన్ల ఇన్‌ఛార్జులను, సబ్ ఎడిటర్లను కూడా ఒక రోజు పిలిచి అదే పాఠం చెప్పాలి. చదివి రాసిన వార్త కంటే ప్రెస్ నోట్ ముందు అచ్చయ్యే డెస్క్ ఉన్నంతకాలం విలేకరికి ఎంత నేర్పినా ఫలితం సగమే.

మూడోది, పాఠ్యపుస్తకం పెట్టి ఉపన్యాసాలు చెప్పవద్దు. ఒకే ఒక్క అప్పు తీసుకోండి, కారిడార్ అప్పే తీసుకోండి. మొదటి రోజు అప్పు ఒప్పందం, పునరావాస పట్టిక తెలుగులో చదవాలి. రెండో రోజు ఆ పట్టిక పట్టుకుని ఊళ్లోకి వెళ్లాలి, పేరు పేరునా సరిచూడాలి. మూడో రోజు తేడాలు పట్టుకుని అధికారి ముందు కూర్చోవాలి. నాలుగో రోజు రాయాలి. బ్యాంకులు అవినీతి, మోసాలకు నిషేధించిన కంపెనీల జాబితాలు బయటపెడతాయని, టెండరు దక్కిన కాంట్రాక్టరు పేరును వాటితో పోల్చి చూడొచ్చని, ప్రపంచ బ్యాంకు పత్రం ఏదైనా దొరక్కపోతే ఎవరైనా దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆ పనిలోనే తెలుస్తుంది. ఏడాదికి ఒక్కరికైనా, ఒకే అప్పును పన్నెండు నెలలు వెంటాడి రాయడానికి ఫెలోషిప్ ఇవ్వండి. రాష్ట్రంలో నడుస్తున్న అన్ని విదేశీ అప్పుల వివరాలు, గడువులు, వాటి ఫిర్యాదు మార్గాలు చెప్పే చిన్న తెలుగు పుస్తకం ఏటా వేయండి. అది విలేకరికే కాదు, సర్పంచికీ పనికొస్తుంది.

విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పెట్టక విశాఖలోనే ఎందుకు అని అడగవచ్చు. 1974 ఆగస్టు 10న ‘ఈనాడు’ ఈ ఊళ్లోనే పుట్టింది. పల్లె వార్తకు కూడా పేజీ ఉండాలన్న అలవాటు తెలుగు పత్రికలకు ఆ తర్వాతే బలపడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జర్నలిజం విభాగం ఉంది, నూరేళ్ల చరిత్ర ఉన్న ఆ విశ్వవిద్యాలయం ఒక గది ఇవ్వలేకపోదు. పోర్టు, ఉక్కు, సెజ్‌లు, ఫార్మా, తీరం, నిర్వాసిత కాలనీలు అన్నీ గంట ప్రయాణంలో ఉన్నాయి. పాఠం కోసం వేరే ఊరికి వెళ్లక్కర్లేదు.

పాత్రికేయ సంఘాలకూ ఒక మాట. అక్రిడిటేషన్ కార్డుల కోసం, ఇళ్ల స్థలాల కోసం మీరు చేసే పోరాటాలు న్యాయమైనవే. ఆ వినతిపత్రాల్లో ఈ కోరికను కూడా ఒక పంక్తిగా చేర్చండి. సంపాదకులు తమ విశాఖ ఎడిషన్లలో ఒక్క విలేకరికైనా ఈ బీటు అధికారికంగా అప్పగించాలి. దానికి ఖర్చేమీ కాదు.

అధ్యక్షా, కారిడార్ పనులు ఇంకా నడుస్తున్నాయి, అమరావతి అప్పు ఇప్పుడిప్పుడే ఖర్చవుతోంది, మధురవాడ కాలవలు తవ్వాల్సి ఉంది. ఇవన్నీ పూర్తయి, బ్యాంకులు తమ ముగింపు నివేదికలు రాసుకున్న తర్వాత శిక్షణ పెడితే ఎవరికీ ఉపయోగం లేదు. ఈ ఆర్థిక సంవత్సరంలోనే మొదటి తరగతి తేదీ ప్రకటించండి. రాంబిల్లి, నక్కపల్లి, అచ్యుతాపురం, పరవాడ మండలాల విలేకరులను మొదటి వరుసలో కూర్చోబెట్టండి.

భవదీయుడు,
విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత పాత్రికేయుడు